లెక్కలో లేని గంట

టికెట్ల కిటికీలోని అమ్మాయి చెప్పింది విన్నాక గెయిల్‌కు కోపం రావాల్సింది. రాలేదు. కోపం తెచ్చుకోవడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా. చొక్కా మీద రోబెర్టా అని పేరు కుట్టుకున్న ఆ అమ్మాయి ఆమె మొగుడు డువేన్ చేతి గడియారం వైపు చూసి, "తాతా, మీరు గంట ముందొచ్చేశారు. మీ గడియారం ఇంకా పొద్దున చూసిన రాళ్ళ దగ్గరే తిరుగుతోంది. ఇక్కడ మేం పేజ్ ఊరి టైముతో నడుస్తాం," అంది. "ఇదీ నవాహో నేలేగా," అన్నాడు డువేన్, తప్పు నేలదే అన్నట్టు. "నేల మాదే తాతా, గంట మాత్రం ఊరోళ్ళది. పోయి నీడలో కూర్చోండి, లోయ ఎక్కడికీ పోదు," అని ఆ పిల్ల నవ్వేసింది. డువేన్ నవ్వలేదు. మంచం, వంటిల్లు అన్నీ ఉన్న తమ ఇల్లుబండి ఎక్కి, తాళాల గుత్తిని స్టీరింగ్ పక్కనున్న కప్పుల గుంటలో పడేసి, "ఓ కునుకు తీస్తా, లేపు," అని వెనక మంచం మీదికి వెళ్ళిపోయాడు. గెయిల్ తన సీట్లో, అంటే కుడివైపు సీట్లో, కూర్చుండిపోయింది.

గంట లాభం. ఏటా ఈ దారిలో డువేన్ అనే మాట అది. ఇక్కడి గడియారాల తిక్క అతనికి కంఠతా వచ్చు. వేసవిలో ఇక్కడి ఆదివాసులు నవాహోలు గడియారం గంట ముందుకు జరుపుతారు, మిగతా ఆరిజోనా జరపదు, మధ్యలో హోపీలనే ఇంకో తెగవాళ్ళ ఊళ్ళు మళ్ళీ జరపవు, ఈ ఇరుకు లోయ చూపించేవాళ్ళు నవాహోలే అయినా ఊరి టైము పాటిస్తారు. రాళ్ళ లోయ దాటి రోడ్డెక్కగానే స్టీరింగ్ మీద చెయ్యి చరిచి, "ఏమోయ్, మనకో గంట లాభం," అనేవాడు. గడియారం మార్చుకోవడం మరిచి ముందే వచ్చి, ఈ రేకుల నీడలో మొహాలు వేలాడేసుకుని కూర్చున్నవాళ్ళను చూసి, పాపం కొత్తవాళ్ళు, అని జాలిపడేవాడు. ఇవాళ దారి పొడుగునా గెయిల్ ఆ మాట కోసం చూసింది. ఎర్రమట్టి దిబ్బలు పోయాయి, దారి పక్క పచ్చని పూల పొదలు పోయాయి, కంచె దగ్గర నిలబడ్డ గుర్రాలు పోయాయి, కరెంటు స్తంభాల వరస వచ్చింది, మాట రాలేదు. తనైనా గుర్తు చెయ్యొచ్చు. పొద్దున జరిగినదాని తరవాత ఆమెకు మనసు రాలేదు.

పొద్దున అనుకోగానే ఆమె చెయ్యి తనంతట తనే ఫోను మీదికి వెళ్ళింది. చూడకూడదనుకుంటూనే చూసింది. మొదటి ఫోటోలో డువేన్ బండి కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడు, టోపీ వెనక్కి నెట్టుకుని, కింది వరస కట్టుడు పళ్ళు మెరుస్తూ. వెనకాల చేతితొడుగు రాయి. ఇద్దరూ కలిసే ఆగారు, ఆమే దిగింది, నీ మొహం ఇటు తిప్పు ముసలాయనా అని ఆమే అరిచింది, అతనే తిప్పాడు. తరవాతి ఫోటో వేలు తగిలి పడిందో, కావాలని నొక్కిందో ఆమెకే తెలియదు. అందులో బండి వెనకభాగం ఉంది. తిరిగిన రాష్ట్రాలన్నీ రంగురంగుల బిళ్ళలుగా అతికించిన పటం, దాని కింద నిచ్చెన, దాని కింద దుమ్ము. రెండు ఫోటోలకూ మధ్య ఓ ఊపిరి తీసుకునేంత సేపు కూడా లేదు. చెయ్యి ఊపాడు, చెయ్యి దించాడు, గేరు మార్చాడు, వెళ్ళిపోయాడు.

ఎంతో దూరం వెళ్ళలేదు, నిజమే. మలుపు దగ్గర ఓ టూరు బస్సు రివర్సు తిప్పుకోలేక అడ్డం పడింది, దాని వెనక ఆగిపోయాడు. గెయిల్ ఆ ఇసుకలో మోకాళ్ళు పట్టుకుని నడిచి వెళ్ళి తలుపు కొట్టింది. తీశాడు. "ఎక్కడికెళ్ళావ్? వెనక పడుకున్నావనుకున్నా," అన్నాడు మామూలుగా, కాస్త విసుగ్గా. బస్సులోవాళ్ళు చూస్తున్నారు. "పడుకునే లేచా," అంది ఆమె. ఎందుకలా అందో. కప్పిపుచ్చడం అలవాటైపోయింది, బడిలో వంటమనిషిగా చేసిన రోజుల్లో కూర మాడితే పిల్లలకు ఏదో పేరు చెప్పి వడ్డించినట్టు.

వెనక పడుకున్నావనుకున్నా. ఈ మాట వాళ్ళింట్లో పాత హాస్యం, అదే కష్టంగా ఉంది. బండి కొత్తల్లో న్యూ మెక్సికోలో ఓ పెట్రోలు బంకు దగ్గర ఆమె వెనక మంచం మీద నిద్రపోతోంది, లేచి, దుప్పటి అలాగే ఎత్తుగా వదిలేసి, ఇంట్లో తొడుక్కునే చెప్పులతో బాత్రూమ్‌కని దిగింది. బయటికొచ్చేసరికి బండి లేదు. డువేన్ గోధుమల ధరల వార్తలు రేడియోలో వింటూ, వెనకనున్న దుప్పటితో రాజకీయాలు మాట్లాడుకుంటూ, బదులు రాకపోతే అలిగిందనుకుని బతిమాలుకుంటూ వెళ్ళిపోయాడు. లారీ అతనెవరో హారను కొడుతూ వెంటపడి ఆపాడు. ఆ సంగతి ఎన్ని మంటల చుట్టూ, ఎన్ని ఇల్లుబండ్లవాళ్ళకు చెప్పారో. చివర్లో డువేన్ అనేవాడు, "నా పెళ్ళాం ఎదురు చెప్పకుండా నా మాట విన్నది ఆ ఒక్క పూటే," అని. అందరూ విరగబడి నవ్వేవాళ్ళు, గెయిల్ కూడా, ఎన్నోసారైనా. అక్కడ దుప్పటి ఉంది. దుప్పటిని చూసి మనిషనుకోవడం ఏ మగాడైనా చేసే పని. ఇవాళ దుప్పటి లేదు. ఎదురుగా ఎండలో తను నిలబడి ఉంది.

బండి కదిలే ముందు పిలుపులు మొదలైంది ఆ బంకు తరవాతే. అంతకుముందూ అన్నీ సర్దామో లేదో చూసుకునేవాళ్ళు, ఎవరి మటుకు వాళ్ళు. ఆ తరవాత పైకి చెప్పుకోవాలని డువేన్ పట్టుపట్టాడు. ధాన్యం గోదాములో పనిచేసినన్నాళ్ళూ గొట్టాల మూతలు అలా పైకి చెప్పే మూయించేవాడట. స్టీరింగ్ ముందు కూర్చుని, తల తిప్పకుండా, పాదిరీలాగా గొంతు పెట్టి, మెట్టు, అంటాడు. లోపలికి, అనాలి ఆమె. యాంటెన్నా. కిందికి. గొట్టం. విప్పాం. గ్యాసు. కట్టేశాం. ఆఖర్న, ఆ బంకు పుణ్యమా అని, గెయిల్, అంటాడు. ఉన్నా, అనాలి. అప్పుడే బ్రేకు వదులుతాడు. పక్క బండ్లవాళ్ళు ఇది విని ముచ్చటపడి తామూ మొదలుపెట్టారు. కోపంగా ఉన్న రోజుల్లో గెయిల్ బదులు చెప్పకుండా సతాయించేది, అతను బండి కదపకుండా కూర్చునేవాడు, ఇద్దరిలో ఎవరికి ముందు ఆకలేస్తే వాళ్ళు ఓడినట్టు.

ఈమధ్య పిలుపులు అటూ ఇటూ అవుతున్నాయి. గ్యాసు రెండుసార్లు అడుగుతాడు, గొట్టం వదిలేస్తాడు. అప్పుడు ఆమే, విప్పాం, అని అడగని ప్రశ్నకు బదులిచ్చేస్తుంది. మోయబ్‌లో అయితే మంచినీళ్ళ తొట్టి నింపుతుంటే ఆమె కిటికీలోంచి చూసింది, అతని చేతిలో తెల్ల గొట్టం లేదు, మురుగు తొట్టి కడిగే పాతదుంది. ఇల్లుబండ్లవాళ్ళలో నిన్నగాక మొన్న బండి కొన్నవాడు కూడా ఆ రెంటినీ ఒకచోట పెట్టడు. ఆమె అరవలేదు. అతను పడుకున్నాక తొట్టి తూము తిప్పి నీళ్ళన్నీ ఇసుకలోకి వదిలి, మందేసి కడిగి, మర్నాడు కాఫీ సీసా నీళ్ళతో పెట్టింది. "కాఫీ ఇవాళ బాగుందే," అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, ఉల్లిపాయలు తరగడానికి అటు తిరిగింది.

ఎండ అద్దం మీది నుంచి ఆమె ఒళ్ళోకి జరిగింది. రేకుల నీడలో ఎవరో వేయించిన రొట్టె తింటున్నారు, నూనె వాసన, తేనె వాసన. జనాన్ని లోయకు ఎక్కించుకు వెళ్ళే లారీలు దుమ్ముతో వచ్చి దుమ్ముతో పోతున్నాయి. ఇంకో లోయ, ఇంకో ఎరుపు. నిజం చెప్పాలంటే ఆమెకు రాళ్ళంటే మొహం మొత్తింది. చేతితొడుగు రాయి, ఏనుగు రాయి, ఒంటె రాయి, ముగ్గురక్కచెల్లెళ్ళ రాయి, ప్రతిదానికీ ఓ బోర్డు, బోర్డు దగ్గర ఆగడం, దిగడం, ఆహా అనడం, ఎక్కడం. మొదట్లో ఆహా దానంతట అది వచ్చేది. ఇప్పుడు లోపలెక్కడో వెతికి తీసుకురావాలి. ఆమె మనసంతా నెబ్రాస్కాలో తమ ఇంటి వెనక మెట్ల మీద ఉంది, ఆ మెట్లిప్పుడు వేరేవాళ్ళవి. ఇల్లు అమ్మి బండి కొన్నది డువేన్ ముచ్చట కోసం. ఆ ముచ్చట తీరకుండా పోతే ఎలా అని ఏటా రాళ్ళు చూస్తోంది.

అదే గుండెలో రాయిలా ఉంది. మామూలు మొగుడైతే కారు తాళం లాక్కుని ఓ మూల దాచెయ్యొచ్చు, ఓ వారం అలుగుతాడు, ఆ తరవాత టీవీ చూసుకుంటాడు. వీళ్ళకు బండి తాళమే ఇంటి తాళం. గుత్తిలో రెండే ఉన్నాయి, బండి నడిపే పెద్దది, తలుపు తీసే చిన్నది. పెద్దది తీసుకుంటే ఆ మనిషి చేతిలో ఇక ఏముంటుంది? ఎక్కడికెళ్ళాలో అతనికి తెలుసు, ఎలా వెళ్ళాలో అతనికి తెలుసు, ఏ వంతెన కింద బండి దూరుతుందో, దేని కింద దూరదో తెలుసు, ఆ తెలిసుండడమే డువేన్. ఒమాహాలో ఉండే కూతురు కొలీన్ ఫోనులో అడుగుతూనే ఉంది, "అమ్మా, ఇక బండి నడపొద్దని నాన్నకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? ఏదో ఒకటి జరిగేదాకా ఆగుతావా?" అని. బాగానే ఉన్నాడే, గోధుమ ధరలన్నీ అప్పజెప్తాడు, అంటుంది గెయిల్. పొద్దున ఆ బస్సు అడ్డం పడకపోతే? అతను వెనక్కొచ్చి ఉండేవాడు. వచ్చేవాడా? ఎదురుగా వచ్చే బండి ఎదురుగా వస్తోందని గుర్తుంటుందా? ఈ లోయ చూశాక చీకటి పడేలోపు చేరాల్సిన చోటుకు మధ్యలో కొండ దిగే దారుంది, ఒక పక్క గోడ, ఒక పక్క ఏమీ లేదు. ఆమెకు భయం వేసింది. పొద్దున్నుంచీ వేస్తున్న భయమే, ఇప్పుడు దానికి దారి పేరు కూడా దొరికింది.

ఎవరూ అడగని గంట ఇది. పొద్దున గడియారంలో అయిపోయి, ఇక్కడ మళ్ళీ మొదలైంది. ఒకసారి జరిగిన గంటను మళ్ళీ ఇస్తే మనుషులు ఏం చేసుకుంటారు? దుప్పటి తీసి మడత పెడతారా? పెళ్ళికి ముందు వేసవిలో ఆమె నాన్న గోధుమ లారీని గోదాము దాకా తనే నడిపేది, కాళ్ళందక వెనకాల పాత కోటు పెట్టుకుని. తూకం దగ్గర డువేన్ నిలబడి ఉండేవాడు, ఒళ్ళంతా ఊక, "ఏమ్మా, లారీ నువ్వు నడుపుతున్నావా, లారీయే నిన్ను నడుపుతోందా?" అన్నాడు మొదటిసారి. ఆమె పంతానికి పోయి అద్దంలో చూస్తూ వెనక్కి తీసి, అతని బూటుకు బెత్తెడు దూరంలో ఆపింది. ఆ బెత్తెడు చూసే తనను చేసుకున్నానని చెప్పుకునేవాడు. పెళ్ళయ్యాక ఎప్పుడూ అతనే నడిపాడు. ఆమె అడగలేదు, అతను ఇవ్వలేదు, దానికో కారణం కూడా లేదు. ఈ బండి కొన్నప్పుడు మాత్రం కాన్సాస్‌లో ఖాళీ సంత మైదానంలో ఓ మధ్యాహ్నం నేర్పాడు, నాకేమన్నా అయితే, అని. నీకేమవుతుంది దున్నపోతులా ఉన్నావు, అంది. వెనక్కి తీసేటప్పుడు వెనక నిలబడి చేతులు ఊపాడు, "అద్దంలో నేను కనబడకపోతే ఆపెయ్, అంతే, ఇంకేం ఆలోచించకు," అన్నాడు.

కనబడకపోతే ఆపెయ్. ఆమె లేచింది. ఏదో తేల్చుకుని లేవలేదు, ఒళ్ళోకి ఎండ వచ్చిందని లేచింది, అటుపక్క నీడగా ఉందని అటు కూర్చుంది. స్టీరింగ్ వెనక సీటు అతని ఒంటికి అరిగి గుంటపడి ఉంది. పెడలు అందలేదు. కింద మీట లాగితే సీటు ముందుకు జారింది. పక్క అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు, అతను పొడుగు. కాసేపు ఆకాశాన్నే చూసింది. అప్పుడు చెయ్యి చాచి అద్దాన్ని కిందికి వంచింది. ఇన్నేళ్ళలో ఆ అద్దాన్ని ఆమె దుమ్ము తుడవడానికి తప్ప ముట్టుకోలేదు. లోపలి అద్దంలో వెనక మంచం కనబడింది, మంచం చివర డువేన్ మేజోళ్ళు, ఒకటి నీలం, ఒకటి నలుపు. కప్పుల గుంటలోంచి గుత్తి తీసి, గోరు విరిగేదాకా తిప్పి, చిన్న తాళం ఊడదీసింది. దాన్ని తిరిగి గుంటలో పెట్టింది. పెద్దది చేతిలో ఉంచుకుంది. ఏం చెప్పాలో వరసగా కట్టుకుంది, డాక్టరు, కొలీన్, కొండ దారి, నీ మీద ప్రేమ లేక కాదు. ఏ వరసలో చెప్పినా దొంగతనం చేసినదాని మాటల్లాగే ఉన్నాయి.

మేజోళ్ళు కదిలాయి. డువేన్ జుట్టు సవరించుకుంటూ ముందుకొచ్చి, ఆమెను చూసి, అలమర పట్టుకుని ఆగిపోయాడు.

"అది నా సీటు."

"తెలుసు."

"టైమైందా?"

"ఇంకొంచెం ఉంది." కట్టుకున్న వరసలో ఒక్క మాటా రాలేదు. వచ్చిన మాట వేరే. "పొద్దున నన్ను వదిలేసి వెళ్ళావు, డువేన్."

"చెప్పాగా, వెనక పడుకున్నావనుకున్నా."

"నీ ఎదురుగా నిలబడ్డా. నువ్వు చెయ్యి ఊపావు."

ఫోను ఇచ్చింది. అతను కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మొదటి ఫోటో చూశాడు, రెండోది చూశాడు, మళ్ళీ మొదటిదానికి వచ్చాడు. చాలాసేపు చూశాడు. వాదిస్తాడనుకుంది, వాదిస్తే బాగుండుననుకుంది. అతను ఫోనును జాగ్రత్తగా, వేడి గిన్నె దించినట్టు, ఆమె ఒళ్ళో పెట్టాడు. చుట్టూ తిరిగొచ్చి కుడివైపు సీట్లో కూర్చున్నాడు. మోకాళ్ళు ముందున్న సొరుగుకు కొట్టుకున్నాయి.

"ఇందులో కాళ్ళే పట్టవు. ఇన్నేళ్ళూ ఎలా కూర్చున్నావే?"

"నా కాళ్ళు పొట్టివి."

అతను కప్పుల గుంటలోని చిన్న తాళాన్ని చూశాడు. చూసి, తీసి, చొక్కా జేబులో వేసుకుని, జేబు బొత్తం పెట్టుకున్నాడు. "కొలీన్‌కు చెప్పావా?"

"ఇంకా లేదు."

"నేనే చెప్తా. నువ్వు చెప్తే ఏడుస్తావు, అది భయపడుద్ది." కిటికీ వైపు తిరిగి, "చెప్పడం మర్చిపోతే గుర్తు చెయ్," అన్నాడు. అది హాస్యమో కాదో ఇద్దరికీ తెలియలేదు.

రేకుల నీడలోంచి రోబెర్టా గొంతు వినబడింది, "తాతా, అమ్మమ్మా, మీ టైమొచ్చింది, రండి." డువేన్ ముందద్దంలోంచి ఆ ఎర్ర రాళ్ళ వైపు చూశాడు. "నీకు చూడాలనుందా?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా అయిపోయింది. "లేదు. రాళ్ళు చూసీ చూసీ విసుగొచ్చింది. నీకోసమే వస్తున్నా."

"నాకోసమా," అన్నాడు అతను. "ఓసినీ. నేను నీకోసం తిప్పుతున్నాగా. ఆహా అంటావు కదా ప్రతిచోటా." ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు, కానీ నవ్వు ఎక్కువదూరం పోలేదు, ఎన్ని రాళ్ళు, ఎన్ని రోడ్లు అని లోపల ఎవరికి వాళ్ళకు గుర్తొచ్చింది. గెయిల్ కిటికీలోంచి, వెళ్ళిపోతున్నాం అమ్మాయ్, అని చెయ్యి ఊపింది. రోబెర్టా, అప్పుడేనా, గంటసేపు కాచుక్కూర్చున్నారుగా, అని బుజాలెగరేసి వేరేవాళ్ళను లారీ ఎక్కించుకుంది.

తాళం తిప్పితే ఇంజను అందుకుంది, సీటు కింద నుంచి ఆ వణుకు ఆమె ఎముకల్లోకి ఎక్కింది. కొండ దారిలో కాదు, ఊళ్ళోనే, దగ్గర్లో ఉన్న బండ్ల మైదానంలో ఆగుదాం, అంది. ఊఁ, అన్నాడు. ఆమె రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, తల తిప్పకుండా అడిగింది.

"మెట్టు?"

అతను ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళూ అడగడమే తప్ప బదులు చెప్పినవాడు కాదు. "లోపలికి."

"యాంటెన్నా?"

కప్పు వైపు చూసి, మీట తడిమి చూసి, "కిందికి."

"గొట్టం?"

"ఇక్కడ గొట్టం పెట్టనేలేదుగా."

"అయినా అనాలి."

"విప్పాం."

"గ్యాసు?"

"కట్టేశాం."

అక్కడితో ఆమె దగ్గర పిలుపులు అయిపోయాయి. ఆఖరుది అతనిది. దాన్ని తను ఎలా అడగాలో ఆమెకు తెలియలేదు, బ్రేకు మీద కాలు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. లారీ లేపిన దుమ్ము అద్దం మీద సన్నగా వాలుతోంది. అప్పుడు పక్కనుంచి, పొద్దున అనని మాట, పాత గొంతుతోనే వచ్చింది.

"గెయిల్?"

అలవాటు మీద అన్నాడో, గుర్తొచ్చి అన్నాడో. తల తిప్పి చూస్తే అతను తనవైపే చూస్తున్నాడు.

"ఉన్నా," అంది. కాసేపు రోడ్డు కనబడలేదు. కళ్ళు తుడుచుకుని, ఎప్పుడూ ఎవరూ అడగని దాన్ని ఆమె అడిగింది.

"డువేన్?"

అతను తల దించుకున్నాడు. సొరుగుకు ఆనిన మోకాళ్ళను చూసుకున్నాడు, జేబు మీద చెయ్యి పెట్టి చిన్న తాళాన్ని తడుముకున్నాడు.

"ఈ పూటకి ఉన్నా," అన్నాడు.

ఆమె బ్రేకు వదిలింది.